బడిలో ట్యాబు ఎవరి చేతి పనిముట్టు?

2022వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన బాపట్ల జిల్లా యడ్లపల్లి గ్రామమున ప్రారంభమైన ట్యాబుల పంపిణీ తెలుగునాట పాఠశాలా విద్యాచరిత్రలో ఒక పెద్ద ఘట్టము. ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న 4.59 లక్షల బాలబాలికలకును, సుమారు 59 వేలమంది ఉపాధ్యాయులకును తలకొక ట్యాబు చొప్పున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉచితముగా నిచ్చినది. బెంగుళూరు కేంద్రముగా గల బైజూస్ సంస్థ రూపొందించిన పాఠములు అందు ముందుగనే నిక్షిప్తమై యుండినవి. మరుసటి యేడు అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండవ విడత పంపిణీ మొదలైనది. పట్టణములలో వేలకు వేలు ఫీజులు కట్టగల కుటుంబముల పిల్లలకు మాత్రమే అలవాటైన వస్తువొకటి, కూలినాలి చేసి బిడ్డలను చదివించుకొను తల్లిదండ్రుల గుమ్మము తొక్కుట సామాన్యమైన విషయము కాదు. దానిని చులకన చేసి మాట్లాడువారితో నేను ఏకీభవింపలేను. కాని 2024 జూలైలో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ సంస్థపై దివాలా ప్రక్రియకు అనుమతి నిచ్చిన నాడు, ట్యాబులలోని ఆ పాఠములకు ఇకమీదట బాధ్యులెవరు, అందలి తప్పులను సవరించువారెవరు, పాఠ్యపుస్తకము మారినప్పుడు వానిని గూడ మార్చువారెవరు అను ప్రశ్న బడి గడపలో నిలిచి మనవంక చూచినది.

ఈ ప్రశ్న రాజకీయపక్షముల జయాపజయములతో ముడిపడినది కాదు. అప్పటి ప్రభుత్వమును పొగడుటకో, తెగడుటకో నేను దీనిని ఎత్తుకొనలేదు. పాఠశాలలోనికి సెల్‌ఫోను, ట్యాబు రావలెనా, వలదా అని రెండు శిబిరములుగా చీలి వాదించుకొనుచున్న మనము, వచ్చిన పిదప అది ఎవరి అధీనమున నుండవలెనను విషయమును మాత్రము చర్చింపకున్నాము. నా అభిప్రాయము స్పష్టము. ఉపాధ్యాయుని అధీనమున నున్నప్పుడే అది విద్యోపకరణమగును. కంపెనీ అధీనమున నున్నచో సరకగును. శాఖాధికారుల అధీనమున నున్నచో తనిఖీ సాధనమగును. గడచిన పదేండ్లలో మన బడులలో మొదటిది అరుదుగను, తక్కిన రెండును తరచుగను జరిగినవి.

దూరమున తయారైన పాఠమును యంత్రము ద్వారా పల్లెకు పంపుట మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు మన అంతరిక్ష పరిశోధన సంస్థ, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహమును ఒక్క సంవత్సరమునకు ఎరవు తెచ్చుకొని నడపిన ‘సైట్’ ప్రయోగమున, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ పెట్టెలు చేరినవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయము బడిపిల్లలకును, సాయంత్రము పెద్దలకును తెలుగున కార్యక్రమములు ప్రసారమయ్యెడివి. గడువు ముగియగానే ఉపగ్రహము తన దారిన తాను వెళ్లిపోయినది. అయినను ఆ ప్రయోగము నిష్ఫలమైనదనుట అన్యాయము; ఏలయనగా కార్యక్రమములను రూపొందించినవారు, గ్రామములలో మకాము వేసి వాని ఫలితములను పరిశీలించినవారు మన దేశపు ఇంజనీర్లు, సాంఘిక శాస్త్రజ్ఞులే యగుటచేత, వారి అనుభవము దేశముననే నిలిచి, తరువాతి ఇన్సాట్ ఉపగ్రహములకు పునాది యైనది; సెలవులలో వేలాది ప్రాథమికోపాధ్యాయులకు ఆ తెరద్వారానే విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణయు లభించినది. నాడు యంత్రము పరాయిది, పాఠము మనది. నేడు యంత్రము మనదై పాఠము పరాయిదగుచున్నది. ఈ రెండింటిలో ఏది దేశమునకు ఎక్కువ మేలు చేయునో వివరింప నక్కరలేదు.

2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు సెల్‌ఫోను ఒక్కటే తరగతిగదియై కూర్చున్నది. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ఛానలును, తెలంగాణలో యాదగిరి, టీశాట్ ఛానళ్లును పాఠములు ప్రసారము చేసి కొంత ఆదుకొన్నవి. తెలంగాణలో ఆ ప్రసారములు సెప్టెంబరు 1న మొదలైనవి. తక్కినదంతయు వాట్సాప్ మీదనే నడచినది. ఆ దినములలో పల్లెటూరి యింట చదువు ఎట్లు సాగినదో చూచినవారికి తెలియును. ఇంటికొక్కటే ఫోను, అది తెల్లవారగానే తండ్రితో గూడ ట్రాక్టరు మీదనో, ఆటోలోనో బయలుదేరిపోయి, దీపాలవేళకు తిరిగివచ్చుసరికి చార్జింగు అడుగంటి యుండెడిది. డిగ్రీ చదువు అన్నకు ముందు వంతు, ఏడవ తరగతి చెల్లెలికి తరువాతి వంతు. ఆ పిల్ల వ్రాసిన లెక్కలను ఫొటో తీసి గ్రూపునకు పంపినచో, అవతల ఉపాధ్యాయురాలు నలువదిమంది నోటుపుస్తకముల ఫొటోలను, మసకవెలుతురులో తీసినవానిని, అడ్డము తిరిగినవానిని, సగము పుట మాత్రమే పడినవానిని, ఒక్కొక్కటే వ్రేళ్లతో సాగదీసి చూచి, తప్పున్నచోట ఎఱ్ఱసిరాతో సున్న చుట్టుటకు వీలు చిక్కక, చివరకు ‘గుడ్’ అని వ్రాసి తృప్తిపడవలసి వచ్చెడిది. ఆమె చేసిన దోషము లేదు, పిల్ల చేసిన దోషమును లేదు. ఇరువురి నడుమ నుండవలసిన నోటుపుస్తకము, ఆ పుస్తకముపై ఏకకాలమున వ్రాలవలసిన రెండు చూపులు లేకపోయినవి.

ఆ తరువాత ఫోనులు పెరిగినవి. నేడు గ్రామీణ భారతమున పదింట ఎనిమిదికి మించిన యిండ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నదని, పల్లెపిల్లల చదువును కొలుచు ‘అసర్’ సర్వేలు తెలుపుచున్నవి. కాని ఇంటిలో నుండుట వేఱు, పిల్ల చేతిలో నుండుట వేఱు. 2023 నాటి అసర్ నివేదిక ప్రకారము, పదునాలుగు మొదలు పదునెనిమిదేండ్ల వయస్సు కలిగి ఫోను వాడనేర్చిన గ్రామీణ యువతలో, సొంత ఫోను గల బాలురు 43.7 శాతము కాగా, బాలికలు 19.8 శాతము మాత్రమే. మరుసటి సంవత్సరపు నివేదికలో మరియొక సంగతి కలదు: పదునాలుగు మొదలు పదునాఱేండ్ల పిల్లలలో 82 శాతమునకు స్మార్ట్‌ఫోను వాడుక తెలియును, వారిలో గడచిన వారమున దానిని సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతము, చదువునకు వాడినవారు 57 శాతము. పిల్లలను నిందించుటకు ఈ అంకెలను చెప్పుటలేదు. అదే నివేదిక, ప్రభుత్వ పాఠశాలల ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి స్థాయి పాఠమును చదువగలవారు దేశమున 44.8 శాతమే యని గూడ చెప్పినది. చదువ రాని పిల్లకు ఫోను ఇచ్చినచో, అది చదువు అవసరము లేని వినోదమునే ముందుగా చూపును.

అయితే యాప్‌వలన బొత్తిగా ఉపయోగము లేదనుట సత్యదూరము. ఉపయోగము ఎక్కడ నున్నదో, ఎక్కడ లేదో తెలిసికొనుటకు తరగతిగది లోపలికి పోయి చూడవలెను. ఆఱవ తరగతి బాలిక యొకతె 1/2, 1/3 కూడి 2/5 అని వ్రాసినదనుకొందము. పైవానిని పైవానితోను, క్రిందివానిని క్రిందివానితోను కూడుట ఆ వయస్సున సర్వసామాన్యమైన పొరపాటు. నాసిరకపు యాప్ ఎఱ్ఱగుర్తు చూపి, ఇందాక చూపిన వీడియోనే మరల చూపును. నాలుగు సమాధానములలో ఒకటి తప్పని తేలినది గనుక, తక్కిన మూడింటిని వరుసగా నొక్కుచు బోయినచో ఎప్పుడో యొకప్పుడు పచ్చగుర్తు వచ్చితీరునని ఆ బాలిక రెండవనాటికే గ్రహించును. అదే చోట మంచి ఉపాధ్యాయురాలుండినచో ఏమి జరుగును? నోటుపుస్తకమును తనవైపునకు త్రిప్పుకొని, “ఏమ్మా, అర రొట్టె తిని, దానిమీద ఇంకో ముక్క కూడా తిన్నావు గదా, మొత్తం సగానికంటే తక్కువ ఎట్లా అయింది?” అని యడుగును. బాలిక పెదవి కొఱుకుకొని తన అంకెలవంక చూచును. 2/5 సగముకంటె చిన్నదని అప్పుడు తట్టును. ఎవరును చెప్పకుండనే దానిని కొట్టివేయును. గణితము నేర్చుట యనగా ఆ కొట్టివేతయే. ఆ ప్రశ్నను ఏ పిల్లను ఏ క్షణమున అడుగవలెనో ఎఱుగుట బోధనాకౌశలము. అది యింకను మనుష్యునియందే యున్నది.

ఇక అదే ఉపాధ్యాయురాలి బల్లపై నున్న ట్యాబు, నిన్న సాయంత్రము పిల్లలు చేసిన అభ్యాసమును వింగడించి, ముప్పదిమందిలో పండ్రెండుగురు ఈ పొరపాటే చేసిరనియు, ఐదుగురికి భిన్నము సంగతి అటుండగా భాగహారమే రాదనియు ఆమెకు ముందుగనే చూపినచో, ఆమె నేటి పాఠమును ఎచ్చట మొదలుపెట్టవలెనో తెలియును. ముప్పది పుస్తకములు దిద్ది ఈ విషయమును కనుగొనుటకు ఆమెకు రెండు గంటలు పట్టెడిది; ఆ రెండు గంటలు ఇప్పుడు ఆ ఐదుగురికి దక్కును. యంత్రమునకు తగిన పని ఇది.

ఈ మాటకు గట్టి ఆధారము కలదు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ అను మువ్వురు ఆర్థికశాస్త్రజ్ఞులు ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అను సాఫ్ట్‌వేరును లాటరీ పద్ధతిన పరీక్షించి, ఫలితములను 2019లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ పత్రికలో ప్రకటించిరి. ఆఱవ తరగతిలో నున్న పిల్లలు గణితమున సగటున రెండున్నర తరగతులు వెనుకబడి యున్నారని మొదట తేలినది. అనగా ఉపాధ్యాయుడు ఆఱవ తరగతి పాఠము చెప్పుచుండ, ఎదుట కూర్చున్నవారిలో అధికులు మూడు నాలుగు తరగతుల నడుమ నెక్కడనో ఆగిపోయి యున్నారు. ఆ సాఫ్ట్‌వేరు ప్రతి పిల్ల ఎచ్చట ఆగిపోయినదో కనిపెట్టి, అచ్చటినుండియే అభ్యాసము మొదలుపెట్టును. నాలుగున్నర నెలలలో, లాటరీలో పేరు వచ్చిన పిల్లల ప్రగతి, రానివారి ప్రగతికంటె గణితమునను, హిందీలోను రెట్టింపునకు మించినది. ఈ ఫలితమును కంపెనీలవారు తఱచు ఉదాహరింతురు. వారు చెప్పని ముక్క యొకటి కలదు: ఆ కేంద్రములలో ప్రతిదినమును నలుబదియైదు నిమిషములు కంప్యూటరు ముందు గడచిన తరువాత, మరి నలుబదియైదు నిమిషములు చిన్న చిన్న గుంపులుగా కూర్చుండి ఒక సహాయకుని వద్ద చదువుకొనెడివారు. యంత్రమును మనిషియు సమముగా కాలమును పంచుకొన్న చోట వచ్చిన ఫలితమది.

అంతకంటె ముఖ్యమైన విశేషము మన గడ్డపైననే యున్నది. మదనపల్లెకు చేరువనున్న రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రమువారు, చుట్టుపట్ల పల్లెలలోని ఏకోపాధ్యాయ పాఠశాలలకొఱకు 1980ల చివరనుండి ఒక పద్ధతిని తీర్చిదిద్దిరి. వై.ఏ. పద్మనాభరావు, రమారావు దంపతులు దానికి ప్రాణము పోసినవారు. ప్రతి పాఠమును చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టునకు ఒక కార్డు తయారుచేసి, గోడపై నిచ్చెన పటము వ్రేలాడదీసిరి. పిల్లలు బడికి రాగానే తామెక్కడ నున్నారో ఆ నిచ్చెనపై చూచుకొని, ఆ గుర్తు గల కార్డును అరలోనుండి తీసికొని, ఆ పని యొంటరిగా చేయదగినదో, తోటివారితో చేయదగినదో, ఉపాధ్యాయుని వద్ద కూర్చుండి చేయదగినదో కార్డునుబట్టియే తెలిసికొని, తగిన గుంపులో చేరి కూర్చుందురు. జబ్బుపడి పదిదినములు రాని పిల్లవాడు తిరిగి వచ్చిన నాడు, తాను విడిచిన మెట్టునుండియే మొదలుపెట్టును. తక్కినవారిని పరుగెత్తి అందుకొనవలసిన దుర్దశ లేదు. ఈ పద్ధతినే 2003 ప్రాంతమున చెన్నై నగరపాలక పాఠశాలలు స్వీకరింపగా, అటుపిమ్మట తమిళనాడు రాష్ట్రమంతటను అది వ్యాపించినది. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క వేగమని నేడు యాప్‌ల ప్రకటనలలో చెప్పుచున్న గుణమంతయు ఆ అట్టముక్కలలో నున్నది. విద్యుత్తు అక్కరలేదు, రీచార్జి అక్కరలేదు, అద్దము పగులునను భయము లేదు. కార్డులను మార్చు అధికారము ఉపాధ్యాయులదే; మదనపల్లె కొండపిల్లలకు తెలిసిన పిట్టల పేర్లతో, చెట్ల పేర్లతో వారు ఆ కార్డులను వ్రాసికొనిరి. మహిమ తెరలో నున్నదా, పిల్ల నిలిచిన మెట్టును కనుగొను బోధనావిధానములో నున్నదా యని సందేహించువారు ఆ బడులను ఒక్కసారి చూచి రావలెను.

విధానము లేని పరికరము ఎట్లగునో పెరూ దేశము అనుభవించినది. పిల్లకొక ల్యాప్‌టాప్ అను నినాదముతో ఆ దేశము ఎనిమిది లక్షలకు పైగా ల్యాప్‌టాపులు కొని పంచినది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకువారు గ్రామీణ పాఠశాలలలో జరిపిన పరిశీలన, గణితమునగాని భాషలోగాని పిల్లలకు అదనముగా అబ్బినది కనబడలేదని 2012లో తేల్చినది.

మన బడులకు తిరిగి వత్తము. బోధనకొఱకు వచ్చినదన్న ఫోను ఉపాధ్యాయుని చేతిలో ఏమైనదో చూడుడు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మొగమును గుర్తించి హాజరు వేయు యాప్‌ను ప్రవేశపెట్టి, ఉపాధ్యాయుల సొంత ఫోనులలో దానిని వేసికొనుమన్నప్పుడు ఉపాధ్యాయ సంఘములు అభ్యంతరము తెలిపినవి. దానికి తోడు మరుగుదొడ్లు శుభ్రముగా నున్నవని ఫొటో తీసి పంపవలసి వచ్చెడిది. మధ్యాహ్న భోజనమునకు ఎందఱు కూర్చుండిరో, ఎన్ని కోడిగుడ్లు వచ్చినవో ఎక్కింపవలెను. పుస్తకములు, బూట్లు, సంచులు ఎవరెవరికి ముట్టినవో నమోదు చేయవలెను. సిగ్నలు అందని ఊళ్లలో ఫోనును తలమీది కెత్తి పట్టుకొని బడి ఆవరణమంతయు తిరుగుచున్న ఉపాధ్యాయుని చూచి, లోపల తరగతిలో పిల్లలు కిటికీ పట్టుకొని నిలుచున్న దృశ్యము ఏజెన్సీ పల్లెలలో ఎవరికైనను కనబడును. కొన్నాళ్లుగా ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ వేర్వేరు యాప్‌లను ‘లీప్’ అను నొక్కదానిలోనికి చేర్చుచున్నది. అది మంచిపనియే. కాని యాప్‌ల సంఖ్య తగ్గుట వేఱు, అడుగు సమాచారము తగ్గుట వేఱు. రెండవది జరిగినప్పుడే ఉపాధ్యాయునకు ఊపిరి సలుపును.

ఏకోపాధ్యాయ పాఠశాలల సంగతి తలచుకొన్నచో మనస్సు కలతపడును. 2024-25 యూడైస్ పాఠశాలా గణన లెక్కల ప్రకారము దేశమున ఒక్కరే ఉపాధ్యాయులు గల పాఠశాలలు లక్షకు పైగా నున్నవి. అందు 12 వేలకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే యున్నవి, మరి యే రాష్ట్రమునను అన్ని లేవు. ఒకే వ్యక్తి ఐదు తరగతులకు పాఠము చెప్పి, వంటను చూచుకొని, మండల విద్యాధికారి అడిగిన లెక్కలు పంపి, వీనితో పాటు యాప్‌లన్నిటిని నింపవలెను. ఒక తరగతికి చెప్పుచుండగా తక్కిన నాలుగింటికి పని కల్పింపవలసిన అట్టి బడిలోనే మంచి యాప్‌వలన నిజమైన ఉపకారము కలుగగలదు. నమోదుల భారము మిక్కిలి బరువుగా పడునదియు అట్టి బడిపైననే. ఆ యుపాధ్యాయునకు ట్యాబు ఇచ్చి, దానితో పాటు నింపవలసిన పట్టికలను గూడ ఇచ్చినచో, మనము ఇచ్చినదెంత, పుచ్చుకొన్నదెంత?

భాష విషయము వేఱుగా చెప్పవలసి యున్నది. ఆంధ్రప్రదేశ్ 2020-21నుండి ద్విభాషా పాఠ్యపుస్తకములను తెచ్చినది. ఒక పుటయం దింగ్లీషు, ఎదుటి పుటయందు తెలుగు. పిల్ల ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు వేసి చదువుకొనుటకు వీలైన యేర్పాటది. చాలా యాప్‌లలో ఆపాటి యేర్పాటైనను లేదు. ఎక్కడనో ఇంగ్లీషులో తయారైన పాఠమునకు తెలుగు గొంతు అతికింపబడును, ఉదాహరణములు మాత్రము మన పిల్ల యెన్నడును చూడని వీథులవి, తినని తిండ్లవి. తెలుగు చదువ నేర్చు పిల్లకు వచ్చు చిక్కులు ప్రత్యేకములు: ఒత్తులు ప్రక్కకును, క్రిందికిని పోవును, గుణింతమున తలకట్టు ఎగిరిపోయి గుడి వచ్చును, శ, ష, సలు నోటికి ఒకటిగను, చేతికి మూడుగను ఉండును. ఈ చిక్కులను ఎఱిగి తెలుగువారు మొదటినుండి తెలుగుననే కట్టిన పాఠము కావలెను. పిల్ల గట్టిగా చదువుచుండ ఫోను విని, తప్పిన పదము నందించు యాప్‌లు వచ్చినవి. గూగుల్‌వారు 2019లో ‘బోలో’ పేర తెచ్చి తరువాత ‘రీడ్ అలాంగ్’ అని పేరు మార్చినదానియందు తెలుగును కలదు. ఇంట చదువు వచ్చినవారెవరును లేని పిల్లకు, చదివినది వినువారొకరుండుట ఎంతటి మేలో నేను మనసార గుర్తింతును. కాని చిన్న తరగతులలో అక్షరము చేతికి పట్టుబడవలసినది పలకమీద, కాగితముమీద. స్వీడన్‌వంటి సంపన్నదేశము తెరలకు వెనుదీసి, 2023లో పిల్లలకు అచ్చుపుస్తకములు కొనుటకు ప్రత్యేకముగా నిధులు కేటాయించినదన్న సంగతి మన విధానకర్తలు గమనింపదగినది.

పాఠము మనదిగా నుండవలెనని పైన చెప్పితిని. అది సాధ్యమే యని కేరళ చూపినది. 2001లో ‘ఐటీ ఎట్ స్కూల్’ పేర మొదలుపెట్టిన పథకమును వారు క్రమముగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపై నడపి, బడులలోని ఉపాధ్యాయులకే శిక్షణ నిచ్చి, పాఠములను వారిచేతనే తయారుచేయించి, 2017లో ‘కైట్’ అను ప్రభుత్వ సంస్థగా మార్చిరి. మరుసటి యేట ‘లిటిల్ కైట్స్’ పేర పిల్లల సంఘములను గూడ నెలకొల్పిరి. కోవిడ్ వచ్చిన నాటికి వారి చేతిలో విక్టర్స్ అను విద్యా ఛానలు సిద్ధముగా నుండుటచేత, 2020 జూన్ 1ననే పాఠములు ప్రారంభింపగలిగిరి. కంపెనీ వచ్చినను పోయినను చెక్కుచెదరని సామర్థ్యము ఇట్టిదే.

మన చేతిలోను సాధనములు లేకపోలేదు. 2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు ప్రారంభించిన ‘దీక్ష’ వేదిక, పాఠ్యపుస్తకములలోని క్యూఆర్ కోడ్‌ల ద్వారా ఏ ఉపాధ్యాయుడైనను వాడుకొనదగినది. దానికి గూడ కావలివారు కావలెను; ఏలయనగా 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 49 దేశములలోని 163 విద్యా సాధనములను పరిశీలించి, వానిలో 89 శాతము పిల్లల వ్యక్తిగత సమాచారమును ప్రమాదమునకు లోనుచేయుచున్నవని నివేదించినప్పుడు, దీక్షను గూడ అందు పేర్కొన్నది. ఏ పిల్ల ఏ లెక్క తప్పినదో, ఎన్ని గంటలకు ఏ యూరినుండి చూచినదో అను వివరము ఆ పిల్ల ఉపాధ్యాయునకు అక్కరకు వచ్చునదే కాని మఱియొకరి వ్యాపారమునకు ముడిసరకు కారాదు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పిల్లల విషయమున తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసినది. చదువురాని తల్లిచేత ఫోను తెరపై వ్రేలితో నొక్కించుకొన్న అనుమతి అనుమతి యగునా అన్నది ప్రతి ప్రధానోపాధ్యాయుడును ఆలోచింపవలసిన విషయము.

రానున్న విద్యాసంవత్సరమునకు తెలుగు ప్రభుత్వములు రెండును మరికొన్ని పరికరములు కొనవచ్చును. కృత్రిమ మేధ పేర కొత్త ఒప్పందములు చేసికొనవచ్చును. సంతకములకు ముందు ఒక్క పని చేయవలెనని కోరుచున్నాను. ప్రతి మండలమునుండి బోధనలో పేరు తెచ్చుకొన్న ఉపాధ్యాయులను, ముఖ్యముగా చిన్న తరగతులు చెప్పు ఉపాధ్యాయినులను పిలిచి, ఆ యాప్‌ను వారి బడిలో వారి పిల్లలతో ఒక పూర్తి టర్ము నడపి చూడనిచ్చి, వలదని వారన్నచో వలదనుకొను ధైర్యము చూపవలెను. కొన్న పాఠములపై సంపూర్ణ హక్కు రాష్ట్రమునకు ఉండునట్లును, ఉపాధ్యాయులు వానిని మార్చుకొనగల్గునట్లును ఒప్పందములోనే వ్రాయింపవలెను. ఉపాధ్యాయుని ఫోనునుండి గుడ్ల లెక్కలవంటి నమోదులను తొలగించి, ఆ పనికి వేఱొక మనిషిని నియమింపవలెను. అన్నిటికంటె ముందు, ఒక్కరే ఉపాధ్యాయులున్న ఆ పండ్రెండువేల పైచిలుకు బడులకు రెండవ ఉపాధ్యాయుని పంపిన పిదపనే ఏ బడికైనను కొత్త ట్యాబు పంపవలసినదిగా విద్యామంత్రులను, శాఖాధికారులను వేడుకొనుచున్నాను.